మైపాడు ఒడ్డుకు వేల్ షార్క్ కొట్టుకొస్తే మీరేం చేయాలి?

సాయంత్రం మైపాడు బీచ్‌లో నడుస్తున్నారు. అలల అంచున ఆటో కంటే పెద్ద చేప ఒకటి కదల్లేక పడి ఉంది. చుట్టూ జనం, చేతుల్లో ఫోన్లు. ఒకరిద్దరు తోక పట్టి లాగుతున్నారు. అప్పుడు మీరేం చేయాలి?

ఏమిటీ చేప?

వేల్ షార్క్‌నే తిమింగల సొర అంటారు. పేరులో తిమింగలం ఉన్నా ఇది చేపే. ప్రపంచంలోని చేపలన్నిటిలోకీ పెద్దది, 12 మీటర్లకు మించి పెరిగినవీ ఉన్నాయి. ముదురు రంగు వీపు మీద తెల్లటి చుక్కలు, చారలు ఉంటాయి. మనిషి జోలికి రాదు. నీటిని వడగట్టి అందులోని ప్లాంక్టన్‌ను, చిన్న చేపలను తింటుంది.

పిల్లలను కనే వయసుకు రావడానికే దీనికి రెండు, మూడు దశాబ్దాలు పడుతుంది. అందుకే ఒకటి చచ్చిపోతే ఆ లోటు తీరడం కష్టం. అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2016లో దీన్ని అంతరించే ప్రమాదమున్న జీవుల జాబితాలోకి చేర్చింది.

చట్టం ఏమంటోంది?

2001 నుంచి ఇది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. అంటే చట్టం దృష్టిలో పులితో సమానం. వేటాడినా, అమ్మినా మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం రూ.25 వేల జరిమానా. చనిపోయి ఒడ్డుకు వచ్చినా అది ప్రభుత్వ ఆస్తే. మాంసం, రెక్కలు కోసుకెళ్లడం నేరం.

అలాగని సొర చేపలన్నీ నిషేధం కాదు. బాలింతలకు పెట్టే సొర పిట్టు కోసం మార్కెట్లో సొర కొంటే తప్పేమీ లేదు. షెడ్యూళ్లలో ఉన్న రకాలకే ఈ రక్షణ. అయితే సొర రెక్కలు ఏ రకానివైనా, వాటి ఎగుమతిని కేంద్రం 2015లో నిషేధించింది.

ఒడ్డున కనిపిస్తే?

వెంటనే 112కు ఫోన్ చేసి చోటు చెప్పండి. అటవీ శాఖకూ, మెరైన్ పోలీసులకూ సమాచారం అందించమని అడగండి. వాళ్లు వచ్చేలోపు:

- జనాన్ని దూరంగా ఉంచండి. తోక, రెక్కలు, మొప్పలు పట్టి లాగనివ్వకండి.
- మొప్పలు ఆరిపోకుండా సముద్రపు నీళ్లు పోయండి. అది ఊపిరి తీసుకునేది వాటితోనే.
- మొప్పల వెనక ఉన్న చుక్కలు కనిపించేలా పక్కనుంచి ఫొటో తీయండి. మన వేలిముద్రల్లా ఒక్కో చేపకు చుక్కల వరుస ఒక్కోలా ఉంటుంది. పరిశోధకులు దాన్ని చూసే ఏ చేపో గుర్తిస్తారు.

ఇలా చేస్తే బతుకుతుందా అంటే, బతికిన ఉదాహరణ మన రాష్ట్రంలోనే ఉంది. 2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి బీచ్‌కు సుమారు రెండు టన్నుల వేల్ షార్క్ కొట్టుకొచ్చింది. అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి దాన్ని ప్రాణాలతో సముద్రంలోకి పంపించారు.

వల కోస్తే నష్టం ఎవరికి?

అసలు చిక్కు ఇక్కడే. నడిసముద్రంలో ఈ చేప వలలో పడితే, బతకాలంటే చాలాసార్లు వల కోయాల్సిందే. ఆ వల అప్పు చేసి కొన్నదై ఉండొచ్చు. చేపను వదిలేయమని చట్టం చెబుతుంది. కానీ పోయిన వల ఆ కుటుంబానికి కొన్ని రోజుల కూడు.

గుజరాత్ దీనికి ఒక దారి చూపింది. ఒకప్పుడు కాలేయం నూనె కోసం, మాంసం కోసం అక్కడ వీటిని పెద్ద ఎత్తున వేటాడేవారు. 2004లో ప్రచారం మొదలైంది. ప్రవచనకర్త మొరారి బాపు ఈ చేపను పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వచ్చిన కూతురితో పోల్చారు. మాటలతోనే ఆగలేదు. వల కోసి చేపను వదిలిన మత్స్యకారులకు అటవీ శాఖ పరిహారం ఇస్తోంది. రుజువుగా ఫొటోలు తీసేందుకు వాళ్లకు కెమెరాలూ ఇచ్చారు. అప్పటి నుంచి వందల చేపలు తిరిగి సముద్రంలోకి వెళ్లాయి.

కృష్ణపట్నం నుంచి జువ్వలదిన్నె వరకు వేటకెళ్లే బోట్లకూ ఇదే వర్తిస్తుంది. చేపను వదిలినవాడు నష్టపోకూడదు. అప్పుడే వల కోయడానికి చెయ్యి వస్తుంది.