ఇంట్లో నింపుకునే తూటా: మిగిలేదెంత, పోయేదెంత?

పేలిన తూటా నుంచి మిగిలే ఇత్తడి తొడుగు అమెరికాలో తుపాకీ అభిరుచి గలవారికి దాచుకోదగిన సొత్తు. మన దేశంలో అది లెక్క చెప్పవలసిన వస్తువు. లైసెన్సుదారులు కొత్త తూటాలు కొనేటప్పుడు పాతవాటి ఖాళీ తొడుగులను అప్పగించాలని కొన్ని రాష్ట్రాలలో ఉత్తర్వులు వెలువడిన సందర్భాలు కూడా ఉన్నాయి. ఒకే వస్తువు పట్ల రెండు దేశాల వైఖరి ఇంత భిన్నంగా ఉండటానికి కారణం ఒక్కటే. ఆ తొడుగును మళ్లీ నింపవచ్చు.

తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ అనే చిన్న గిన్నె, లోపల మందు, పైన గుండు. తుపాకి పేల్చినప్పుడు మూడు భాగాలు ఖర్చయిపోగా తొడుగు మాత్రం మిగులుతుంది. నిజానికి తూటాలో ఖరీదైన భాగాలలో అదొకటి. పేలుడుకు ఉబ్బిన తొడుగును అచ్చులో నొక్కి పూర్వపు కొలతకు తెచ్చి, కాలిన ప్రైమర్‌ను తీసివేసి కొత్తది అమర్చి, మందు తూచి పోసి గుండు బిగించడాన్నే రీలోడింగ్ అంటారు. అమెరికాలో సొంత వాడకానికి ఈ పని చేసుకునేవారికి ఫెడరల్ ప్రభుత్వ లైసెన్సు అవసరం లేదు. వ్యాపారంగా తయారుచేసి అమ్మదలచుకుంటేనే లైసెన్సు కావాలి.

ఈ వ్యాపకంలోకి కొత్తగా దిగేవారు చెప్పే మొదటి కారణం పొదుపు. ఆ పొదుపు ఏపాటిదో ఇటీవలి అమెరికా ధరల మీద స్థూలంగా లెక్క వేసి చూడవచ్చు. నొక్కుడు యంత్రం, అచ్చులు, త్రాసు, కొలత పరికరాలు, మందు మోతాదుల పుస్తకం కలిపి ఓ మోస్తరు సామగ్రికి 400 డాలర్ల దాకా అవుతుంది. అక్కడ అత్యధికంగా వాడుకలో ఉన్న 9 ఎం.ఎం. పిస్తోలు తూటాను తీసుకుందాం. ప్రైమర్‌కు 7 సెంట్లు, గుండుకు 9 సెంట్లు. మందు పౌను 45 డాలర్లు అనుకుంటే, పౌనుకు 7,000 గ్రెయిన్లు గనుక, తూటాకు పట్టే నాలుగైదు గ్రెయిన్లకు 3 సెంట్లు. తొడుగు పాతదే కనుక దానికి ఖర్చు లేదు. మొత్తం 19, 20 సెంట్లు. అదే తూటా దుకాణంలో 26 సెంట్లకు దొరుకుతోంది. అంటే ఒక్కొక్క తూటాకు మిగిలేది 6 సెంట్లు. పెట్టిన 400 డాలర్లు తిరిగి రావాలంటే 6,600 పైచిలుకు తూటాలు నింపాలి.

ఇందులో శ్రమకు విలువ కట్టలేదన్నది గమనార్హం. ఒక్కొక్క తూటాను విడిగా నొక్కే సాధారణ యంత్రం మీద గంటకు 75 తూటాలు అవుతాయనుకుంటే, ఆ గంటకు మిగిలేది నాలుగున్నర డాలర్లు. అమెరికాలో 2009 నుంచి అమలులో ఉన్న ఫెడరల్ కనీస వేతనమే గంటకు 7 డాలర్ల 25 సెంట్లు! చేయి తిప్పిన ప్రతిసారీ ఒక తూటా బయటకు వచ్చే పెద్ద యంత్రాలు లేకపోలేదు. వాటి మీద గంటకు కొన్ని వందలు నింపవచ్చు గాని, పెట్టుబడి రెట్టింపవుతుంది, దాన్ని రాబట్టుకోవలసిన లెక్కా అందుకు తగ్గట్టే పెరుగుతుంది.

గురి పోటీలలో వాడే .308 రైఫిల్ తూటాకు వచ్చేసరికి లెక్క తారుమారవుతుంది. గుండుకు 50 సెంట్లు, ప్రైమర్‌కు 8, మందుకు 28, పది సార్లు వాడగల డాలరు తొడుగుకు 10 సెంట్లు వేసుకున్నా 96 సెంట్లతో సరిపోతుంది. దుకాణంలో అదే నాణ్యత గల తూటా ధర 1 డాలరు 70 సెంట్లకు అటూ ఇటూగా ఉంటుంది. మిగులు 74 సెంట్లు. అంటే 540 తూటాలతోనే సామగ్రి ఖర్చు రాబట్టుకోవచ్చు. చౌక తూటా కాల్చేవాడికి రీలోడింగ్ కాలక్షేపం, ఖరీదైన తూటా కాల్చేవాడికి ఆదాయం అన్నమాట. అయితే అనుభవజ్ఞులు నవ్వుతూ ఒప్పుకునే మరో సంగతి ఉంది. తూటా చౌక అయినకొద్దీ ఎక్కువ కాలుస్తారు. నెలాఖరుకు ఖర్చు మాత్రం తగ్గదు.

మరి లాభమేమిటి? గురి. కర్మాగారంలో తయారైన తూటా ఆ కొలత గల తుపాకులన్నిటికీ సరిపడేట్లు ఉంటుంది. ఇంట్లో నింపుకునేవాడు తన ఒక్క రైఫిల్‌కు ఏ గుండు, ఎంత మందు, ఎంత పొడవు నప్పుతాయో పదేపదే పరీక్షించి తేల్చుకుంటాడు. చాలా దూరపు గురి పోటీలలో సొంత తూటాలు వాడటం సాధారణం కావడానికి ఇదే కారణం. దుకాణాలలో ఇప్పుడు దొరకని పాత తుపాకుల తూటాలకైతే వేరే దారే లేదు.

పోయేది డబ్బు ఒక్కటే కాదు. ఏమరుపాటున ఒకే తొడుగులో రెండుసార్లు మందు పోస్తే తుపాకి చేతిలోనే పగిలే ప్రమాదం ఉంది. మందు పోయడం మరచిపోతే ప్రైమర్ బలానికి గుండు గొట్టంలోనే ఇరుక్కుంటుంది. అది గమనించక మరొకటి పేల్చినా అంతే ముప్పు. కాలిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది కనుక, వంటింటి బల్ల మీద ఈ పని చేయరాదని మొదటి రోజునే చెబుతారు. సొంతంగా నింపిన తూటాల వల్ల కలిగే నష్టానికి తుపాకీ తయారీదారులు సాధారణంగా పూచీ వహించరు.

ఒక విచిత్రం ఇక్కడ చెప్పుకోవాలి. అమెరికాలో వాడే ప్రైమర్ పద్ధతికి మూలపురుషుడు బ్రిటిష్ సైనికాధికారి ఎడ్వర్డ్ బాక్సర్. అందులో తొడుగు అడుగున నడుమ ఒకే రంధ్రం ఉంటుంది, పుల్లతో పొడిస్తే పాత ప్రైమర్ ఊడివస్తుంది. యూరప్‌లో విస్తరించిన పద్ధతి అమెరికన్ అయిన హైరమ్ బెర్డాన్‌ది. అందులో రంధ్రాలు పక్కలకు ఉంటాయి, ప్రైమర్‌ను ఊడదీయడం తలనొప్పి. రెండూ 1860 దశకంలోనివే. ఇంటింటి రీలోడింగ్ అమెరికాలో వేళ్లూనడానికి ఈ ఒక్క రంధ్రం ఎంతో తోడ్పడింది.

రెండో ప్రపంచ యుద్ధ కాలపు కొరత ఈ వ్యాపకానికి ఊపిరి పోసింది. కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో ప్రారంభించిన ఆర్.సి.బి.ఎస్. సంస్థ నేటికీ యంత్రాలు అమ్ముతోంది. యుద్ధం ముగిశాక సైన్యం వద్ద మిగిలిపోయిన మందును బ్రూస్ హాడ్గ్డన్ కొని పౌరులకు అమ్మాడు. కొరతలో పుట్టిన ఈ వ్యాపకం కొరతకు అతీతమైనదని చాలామంది నమ్మారు. 2020లో ఆ నమ్మకం సడలింది. ఆ ఏడాది తుపాకుల కొనుగోళ్లకు సంబంధించి ఎఫ్.బి.ఐ. జరిపిన పూర్వాపరాల తనిఖీల సంఖ్య 3 కోట్ల 97 లక్షలకు చేరుకుంది. తూటాలు దుకాణాలలో కరవయ్యాయి. ఇంట్లో నింపుకునేవారైనా నిశ్చింతగా ఉన్నారా అంటే అదీ లేదు. అంతకు ముందు 3 సెంట్లకు అటూ ఇటూగా దొరికే ప్రైమర్ 2021 నాటికి 10 సెంట్లు దాటినా చేతికందలేదు. తొడుగులు బస్తాల కొద్దీ ఉన్నా ప్రైమర్ లేనిదే ప్రయోజనం సున్న. దాన్ని ఇంట్లో తయారుచేసుకోవడం అసాధ్యమనే చెప్పాలి.

2022లో మొదలైన ఉక్రెయిన్ యుద్ధంతో ఇదే ఇక్కట్టు మందుకూ వచ్చింది. తుపాకి మందుకు మూలపదార్థం నైట్రోసెల్యులోజ్. దాన్ని తయారుచేసేది మన రైతులకు బాగా తెలిసిన పత్తి నుంచే. పత్తి గింజను అంటిపెట్టుకుని మిగిలే పొట్టి నూగును, అంటే లింటర్లను, ఆమ్లాలతో శుద్ధి చేస్తే అది తయారవుతుంది. ఫిరంగి గుండ్లకు గిరాకీ పెరగడంతో ఆ పదార్థానికి ప్రపంచమంతటా కటకట ఏర్పడింది. చైనా నుంచి వచ్చే లింటర్ల మీద యూరప్ ఆధారపడి ఉందన్న ఆందోళన 2024లో బాహాటంగానే వ్యక్తమైంది. అదే సంవత్సరం అమెరికాలో అలయంట్ సంస్థ డబ్బాలలో అమ్మే మందు సరఫరాను నిలిపివేస్తున్నట్లు ప్రకటించింది. స్వావలంబన కోసం యంత్రం కొన్నవాడు చివరకు ఏ దేశపు పత్తి మిల్లు మీదనో ఆధారపడి ఉన్నాడన్నమాట.

చట్టం ఏమంటోంది?

మన దేశంలో ఈ చర్చ మొదటి మెట్టు మీదే ఆగిపోతుంది. 1959 నాటి ఆయుధాల చట్టం 'మందుగుండు' అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలో తూటాలే కాక వాటి భాగాలు, తయారీ యంత్రాలు కూడా చేరి ఉన్నాయి. అంటే అమెరికాలో సామాన్య సరుకుగా అమ్ముడయ్యే నొక్కుడు యంత్రం ఇక్కడ చట్టరీత్యా మందుగుండు కోవలోకే వస్తుంది. తుపాకి ఉంచుకునే లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు తయారుచేసే అధికారం సంక్రమించదు. లైసెన్సు లేని తయారీకి 2019 సవరణ తరువాత కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠ శిక్ష యావజ్జీవం.

ఈ కాఠిన్యానికి కారణం లేకపోలేదు. పాకిస్థాన్‌లో పెషావర్‌కు దక్షిణాన ఉన్న దర్రా ఆదంఖేల్ పట్టణంలో తుపాకుల నకళ్లతో పాటు, పేలిన తొడుగులకు మళ్లీ మందు నింపిన తూటాలు కూడా బజారులో అమ్ముడవుతూ వచ్చాయి. అలాంటి చోట తూటా ఎవరు నింపారో, ఎవరికి చేరిందో లెక్క ఉండదు. మన మన్యంలోని నాటు తుపాకుల కథా ఒక రకంగా రీలోడింగే. గొట్టం మూతి నుంచి మందు, సీసపు రవ్వలు కూరి పేల్చే ఆ తుపాకికి అసలు తొడుగే ఉండదు కనుక లెక్క మరింత కష్టం.

క్రీడాకారుల మాటేమిటి అన్న ప్రశ్న సహజం. మన దేశానికి ఒలింపిక్ పతకాలు తెచ్చిన క్రీడలలో షూటింగ్‌ది ముఖ్యమైన స్థానం. ప్రసిద్ధ షూటర్లకు తూటాల దిగుమతిలో ప్రత్యేక సదుపాయాలున్నా, విదేశీ సరుకు మీద ఆధారపడక తప్పడం లేదు. ఇంట్లో నింపుకోనిస్తే వారి భారం తగ్గుతుందన్న వాదన వినడానికి బాగానే ఉంటుంది. కాని ఒక్కొక్క పోటీనే పరిశీలిస్తే అది నిలవదు. 2008లో అభినవ్ బింద్రాకు స్వర్ణం, 2012లో హైదరాబాదీ గగన్ నారంగ్‌కు కాంస్యం తెచ్చిన 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో తూటాయే లేదు. గాలి ఒత్తిడితో వెళ్లే సీసపు పెల్లెట్ మాత్రమే. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం గెలిచిన 50 మీటర్ల రైఫిల్‌లోనూ, 25 మీటర్ల ఒలింపిక్ పిస్తోలు పోటీలలోనూ వాడేది .22 తూటా. దానికి విడిగా ప్రైమర్ ఉండదు. నిప్పు రాజేసే పదార్థం తొడుగు అంచులోనే పూసి ఉంటుంది, పిన్ను దెబ్బకు ఆ అంచు నలిగిపోతుంది. మళ్లీ నింపడానికి వీలుగా దాన్ని తయారుచేయలేదు.

ఇక మిగిలింది ట్రాప్, స్కీట్. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడలలో ట్రాప్ జట్టుకు స్వర్ణం తెచ్చినవారిలో హైదరాబాద్‌కు చెందిన కైనన్ షెనాయ్ ఒకరు. ట్రాప్ పోటీలో 125 లక్ష్యాలు, ఒక్కొక్కదానికి రెండు తూటాల చొప్పున అనుమతి. సాధన కలుపుకుంటే తూటాల వాడకం వేలల్లోకి వెళుతుంది. రీలోడింగ్‌కు ఇంతకంటె అనువైనవారు ఉండరనిపిస్తుంది. కాని 12 బోరు తూటాల ధర పెద్ద ఎత్తున తయారీ వల్ల తక్కువగా ఉండటంతో, సీసం ధర పెరిగాక అమెరికాలోనే చాలామంది వాటిని నింపడం మానుకున్నారు. అక్కడ గిట్టుబాటవుతున్నది 28 బోరు, .410 వంటి చిన్న తూటాలకే. ఒలింపిక్స్‌లో వాటితో పని లేదు.

రీలోడింగ్ వల్ల నిజంగా మేలు జరగగల పోటీలు ఒలింపిక్స్‌కు వెలుపలే ఉన్నాయి. 300 మీటర్ల రైఫిల్, .32 తూటాలు వాడే 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్తోలు. ప్రపంచ స్థాయిలో పోటీలున్నా, మన దేశంలో వీటిని సాధన చేసేవారు కొద్దిమందే.