786 నోటుకి ఐదు లక్షలా? లెక్క చూద్దాం రండి

సింహాచలం తొలిపావంచా దగ్గర మా పిన్ని పూలు అమ్ముతుంది. సంపెంగలు, మల్లెలు, తులసి మాలలు. ఎంత ఫోన్‌పే వచ్చినా రోజంతా ఆవిడ చేతిలో పది, ఇరవై, యాభై నోట్లు తిరుగుతూనే ఉంటాయి. వాటిలో నంబర్‌లో 786 ఉన్నది కనిపిస్తే మాత్రం ఖర్చు పెట్టదు, అప్పన్న పటం వెనకాల దాచేస్తుంది. అది ముస్లింలు పవిత్రంగా చూసే సంఖ్య కదా పిన్నీ, నీకెందుకు అంటే, "మంచి నంబరు ఎవురిదైతే ఏటిరా?" అంటుంది.

కిందటేడు ఒక ఆదివారం ఫోన్ చేసింది. "నానా, నా నోటుకి ఐదు లక్షలిస్తారంట. ముందు జీఎస్టీ కట్టమంతన్నారు, ఎలా కట్టాల?"

అప్పటికే రిజిస్ట్రేషన్ అని 1,250, ఆర్బీఐ క్లియరెన్స్ అని 4,800 పంపేసింది. యూట్యూబ్ వీడియో కింద ఉన్న నంబర్‌కి నోటు ఫొటో పెట్టిందట. అవతలివాడు ఆర్బీఐ లోగోతో ఐడీ కార్డు కూడా పంపాడు. మొత్తం 6,050 రూపాయలు. ఇరవై రూపాయల మాలలైతే మూడు వందల పైనే అని ఆవిడే లెక్క కట్టి చెప్పింది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. కోపం వస్తే కోడ్ రాస్తాను. ఆ రాత్రి నాలుగు లైన్ల ప్రోగ్రామ్ రాశాను.

మన నోటు నంబర్‌లో ముందు అంకెలు, అక్షరాలు కలిసిన మూడు గుర్తులు ఉంటాయి. అది సిరీస్. తర్వాత ఆరు అంకెలు. అంటే ఒక్కో సిరీస్‌లో దాదాపు పది లక్షల నోట్లు. వాటిలో ఎక్కడో ఒకచోట 786 వచ్చే నంబర్లు ఎన్నో తెలుసా? 3,999. ప్రతి 250 నోట్లకి ఒకటి! రోజుకి వంద నోట్లు చూసే మా పిన్నికి రెండు మూడు రోజులకొకటి తగలాల్సిందే. అంత దొరికేదానికి ఐదు లక్షలు ఎవరిస్తారు?

నిజంగా అరుదైనవి వేరే ఉన్నాయి. 111111 నుంచి 999999 దాకా ఆరూ ఒకే అంకె ఉన్నవి సిరీస్‌కి తొమ్మిదే. 123456 ఒక్కటే. 000001 కూడా ఒక్కటే. ఎటు చదివినా ఒకేలా ఉండేవి, అంటే 274472 లాంటివి, 999. అయితే ఒక్కో విలువ నోటుకి సిరీస్‌లు వేలల్లో ఉంటాయి కాబట్టి, దేశం మొత్తమ్మీద 123456 కూడా ఒంటరిది కాదు. పైగా సేకరించేవాళ్లు నంబర్ కంటే ముందు నోటు పరిస్థితి చూస్తారు. మడత పడిందా, పిన్ను చిల్లుందా, నూనె మరక అంటిందా అని. పర్సులో ఆర్నెల్లు నలిగిన నోటైతే ఫ్యాన్సీ నంబర్ ఉన్నా ధర బాగా పడిపోతుంది.

మరి పెద్ద ధర ఎప్పుడొస్తుంది? 2024లో బ్రిటన్‌లో కింగ్ చార్లెస్ బొమ్మతో కొత్త నోట్లు వచ్చాయి. వాటిలో తొలి నంబర్ల నోట్లను బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండ్ ఛారిటీ కోసం వేలం వేయించింది. 000002 నంబర్ ఉన్న పది పౌండ్ల నోటు 17,000 పౌండ్లు పలికింది. కొత్త రాజు, మొదటి సిరీస్, రెండో నంబర్, అమ్మేది స్వయంగా బ్యాంకు. ఇన్ని కలిస్తేనే అంత ధర. మనోళ్ల వీడియోల్లో చెప్పేవన్నీ అడిగే ధరలు. అమ్ముడైన ధర ఒక్కటీ చూపించరు.

స్టార్ గుర్తు నోట్ల మీద కూడా బోలెడు వీడియోలున్నాయి. అందులో మాయేం లేదు. ప్రింటింగ్‌లో పాడైన నోటు బదులు కట్టలో పెట్టేదానికి సిరీస్‌కీ నంబర్‌కీ మధ్య నక్షత్రం వేస్తారు. 2006లో మన వై.వి.రెడ్డి గారు గవర్నర్‌గా ఉన్నప్పుడు చిన్న నోట్లతో మొదలైంది. నకిలీవని వాట్సాప్‌లో గోల చేస్తే, అవీ చెల్లుతాయని 2023 జూలైలో ఆర్బీఐ చెప్పాల్సి వచ్చింది.

పాత నోట్ల కొనుగోళ్లతో తమకు సంబంధం లేదని, ఫీజులూ కమీషన్లూ అడగమని అదే ఆర్బీఐ 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. సింపుల్‌గా చెప్పాలంటే, కొనేవాడు డబ్బులిస్తాడు, అడగడు. ఇంకో విషయం. రద్దయిన పాత 500, 1000 నోట్లు సరదాకి పోగేస్తున్నారా? 2017 చట్టం ప్రకారం పదికి మించి ఉంచుకోకూడదు. సేకరణ, పరిశోధన కోసమైతే 25 వరకు. దాటితే జరిమానా.

కాగితం మీద అంకె ఎంత ఉంటే ఏం లాభమో సింహాచలం వాళ్లకి ఒకసారి తెలిసొచ్చింది. 2023 ఆగస్టులో అప్పన్న హుండీలో వంద కోట్ల చెక్కు పడింది. దేవస్థానం వాళ్లు బ్యాంకులో వాకబు చేస్తే, ఆ ఖాతాలో పాతిక రూపాయలు కూడా లేవు. అప్పట్లో ఆ చెక్కు గురించి పడీపడీ నవ్వింది మా పిన్నే.

1930కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చాం. డబ్బు పంపి అప్పటికే మూడు రోజులైపోయింది, ఏమీ వెనక్కి రాలేదు. మీకో మీ ఇంట్లోవాళ్లకో ఇలా జరిగితే మాత్రం గంటలోపే ఆ నంబర్‌కి చెయ్యండి. డబ్బు చేతులు మారకముందే ఆపే అవకాశం ఉంటుంది.

ఆ 786 నోటు ఇంకా పటం వెనకాలే ఉంది. ఈమధ్య పిన్నికి నేనే ఇంకో పిచ్చి అంటించాను. ఆరు అంకెలంటే పుట్టినరోజు కూడా సరిపోతుంది కదా, రోజు, నెల, సంవత్సరం. మా చెల్లిది 140803. సిరీస్‌కి ఒక్కటే ఉంటుంది. బేరం ముగిశాక ప్రతి నోటూ తిప్పి చూస్తోంది. ఇప్పటిదాకా దొరికింది 140802. అది కూడా ఖర్చు పెట్టలేదు.