పాతబస్తీ తాగుడు లెక్క: పెద్ద అంకెలు, చిన్న రిజిస్టర్లు

మగవాళ్ల తాగుడులో అరుణాచల్ ప్రదేశ్ తర్వాత దేశంలో రెండో స్థానం తెలంగాణది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో అక్కడ నూటికి 53 మంది, ఇక్కడ 43 మంది తాగుతారని తేలింది. దేశం మొత్తం మీద ఆ లెక్క 19. ఆడవాళ్లలో దేశమంతటా నూటికి ఒక్కరైతే మన దగ్గర దాదాపు ఏడుగురు. పైగా పట్నాల్లో కన్నా పల్లెల్లో తాగుడు ఎక్కువ.

అయితే ఈ సర్వే జిల్లా దాకా వచ్చి ఆగిపోతుంది. హైదరాబాద్‌లో సంపన్నుల జూబ్లీహిల్స్‌కూ పాతబస్తీలోని యాకుత్‌పురాకూ కలిపి ఒకటే సగటు. పాతబస్తీ గుమ్మం దాకా వెళ్లే ప్రశ్న ఇంకోటుంది, చాలా చిన్నది. ముప్పై దాటినవాళ్ల దగ్గర దీర్ఘకాలిక జబ్బుల ముప్పు తెలుసుకోడానికి ఆశా కార్యకర్త నింపే సీబ్యాక్ ఫారంలో రోజూ మద్యం తాగుతారా అని అడుగుతారు. అవునంటే ఒక మార్కు, కాదంటే సున్నా. వారానికోసారే అయినా ఒళ్లు తెలియకుండా తాగేవాడికీ సున్నాయే. తాగుడు పాపమూ పరువుతక్కువా అయిన గల్లీలో, ఇంటిల్లిపాదీ వింటుండగా, అవునని ఎవరంటారు? ఆ సున్నాలు చూసి పాతబస్తీ క్షేమమని రాసుకుంటే అక్కడి ఇల్లాళ్లకు అన్యాయం చేసినట్టే.

నోరు దాచింది ఒళ్లు బయటపెడుతుంది. 2020 మార్చి చివరి వారంలో లాక్‌డౌన్‌తో కల్లు, మద్యం దుకాణాలు మూతపడగానే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి రోజుకు వందమందికి పైగా వచ్చారు. చేతుల వణుకు, నిద్ర లేకపోవడం, ఫిట్స్, లేనివి కనిపించడం. వాళ్లలో కల్లు తాగేవాళ్లు చాలామంది. అసలు కల్లులో ఆల్కహాల్ నూటికి నాలుగైదు పాళ్లు. కల్తీ కల్లుకు అలవాటుపడిన ఒళ్లు అడిగేది అందులో మత్తు కోసం కలిపే అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్‌లనే. తాగుతారా లేదా అన్న ప్రశ్నకు ఇవేవీ అందవు. నగరంలో 2004లో మూయించిన కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు ప్రాణాలు తీసింది.

ఆపరేషన్లకు ఇచ్చే మత్తుమందు లెక్కలో ఈ నగరానికి ఒకప్పుడు ప్రపంచంలోనే పేరుంది. ఆరో నిజాం ఇచ్చిన డబ్బుతో, అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888, 1889లో క్లోరోఫాం మత్తు ఎంత సురక్షితమో తేల్చే రెండు క్లోరోఫాం కమిషన్లు ఇక్కడే పనిచేశాయి. 1908 మూసీ వరదలో ఆ ఆసుపత్రి పోయింది. తర్వాత అఫ్జల్‌గంజ్‌లోనే ఉస్మానియా ఆసుపత్రి లేచింది.

ఆ ఉస్మానియాను తలుచుకుంటే నాకు బ్రిటన్‌లోని కార్డిఫ్ గుర్తొస్తుంది. జోనథన్ షెపర్డ్ అనే సర్జన్ అక్కడి ఎమర్జెన్సీలో కొట్లాట దెబ్బలతో వచ్చినవాళ్లను ఎక్కడ, ఎప్పుడు, దేనితో కొట్టారని అడిగించాడు. పేర్లు తీసేసి ఆ వివరాలు పోలీసులకు, నగరపాలక సంస్థకు అందించారు. అలాంటి ఇతర నగరాలతో పోలిస్తే హింస వల్ల ఆసుపత్రిలో చేరేవాళ్లు అక్కడ 42 శాతం తగ్గారని 2011లో ఒక అధ్యయనం తేల్చింది.

ఉస్మానియా క్యాజువాలిటీ రిజిస్టర్‌లోనూ మూడు గళ్లు గీయొచ్చు: ఏం తాగాడు, ఎక్కడ తాగాడు, ఎన్ని గంటలకు. పేరు అక్కర్లేదు. ఒకే కల్లు కాంపౌండ్ నుంచి వరసగా నలుగురు ఫిట్స్‌తో వస్తే, ఐదోవాడు గ్లాసు ఎత్తకముందే ఆ సంగతి తెలిసిపోతుంది.