రెల్లు: చెరకుకు చుట్టమా, శత్రువా?

వానలు తగ్గి దసరా దగ్గర పడేవేళ, కాలువగట్ల మీద, ఏటి ఇసుకలో తెల్లని కుచ్చులతో ఊగే గడ్డిని మీరు చూసే ఉంటారు. అదే రెల్లు. చెరకు తోట పక్కన రెల్లు పెరిగితే దాన్ని తగలబెట్టాలా, ఉండనివ్వాలా? ఈ పాఠం చదివాక మీరు కారణాలతో సహా జవాబు చెప్పగలుగుతారు.

1. రెల్లు ఎలా బతుకుతుంది?

రెల్లు బహువార్షికం, అంటే ఏళ్ళ తరబడి బతికే మొక్క. దాని భూగర్భ కాండాలు మట్టిలో అల్లుకొని ఉంటాయి. పైభాగం ఎండినా, కాలినా అడుగునుంచి మళ్ళీ పిలకలు వస్తాయి. గట్ల మట్టి కోసుకుపోకుండా పట్టి ఉంచేవి కూడా ఈ కాండాలే. రెల్లూ చెరకూ శాకరం అనే ఒకే ప్రజాతికి చెందినవి. రెల్లు కాండంలో తీపి మాత్రం చాలా తక్కువ.

2. రెల్లును ఆశ్రయించే జీవులు

చుట్టరికం ఉన్నచోట జబ్బులు కూడా పంచుకోబడతాయి. చెరకు కాండాన్ని తొలిచే పురుగుల్లో కొన్ని రెల్లులోనూ బతుకుతాయి. చెరకు నరికిన తరవాత కూడా గట్టుమీద వాటికి తిండి దొరుకుతుంది. అయితే ఈ పురుగులను తినే సాలీళ్ళకు, వాటి గుడ్లలో తమ గుడ్లు పెట్టే సన్నని కందిరీగలకు కూడా ఇలాంటి గడ్డి నీడనిస్తుంది.

శిలీంధ్రాలలో ముఖ్యమైనది కాటుక తెగులును కలిగించేది. తెగులు సోకిన మొక్క మొవ్వు నుంచి కొరడావంటి పొడవైన నల్లని కాడ వస్తుంది. దానిమీద పలుచని వెండిరంగు పొర ఉంటుంది. పొర చిట్లగానే లక్షలాది సిద్ధబీజాలు కాటుకపొడిలా గాలిలో ఎగిరిపోతాయి. అవి చెరకు కన్నుల మీద పడి మొలకెత్తి లోపలికి చేరతాయి. ఆ కన్నులున్న ముచ్చెలను నాటితే తెగులు కొత్త తోటకు పాకుతుంది.

3. అదే గడ్డి ఇచ్చిన మేలు

అన్ని రెల్లు దుబ్బులకూ తెగులు ఒకేలా సోకదు. తరతరాలుగా తెగుళ్ళ మధ్య పెరగడంవల్ల తట్టుకోలేనివి నశించి, తట్టుకోగలవి విత్తనం వేశాయి. ఆ శక్తి మనకు పనికివచ్చింది. 1890లలో గోదావరి డెల్టాలో ఎర్రకుళ్ళు తెగులు చెరకు తోటలను దెబ్బతీసింది. 1902లో సామర్లకోటలో చెరకు పరిశోధన మొదలైంది. 1912లో కోయంబత్తూరులో చెరకు ప్రజనన కేంద్రం ఏర్పడింది. అక్కడ బార్బర్, వెంకటరామన్ అనే శాస్త్రవేత్తలు 'వెల్లై' అనే తీపి చెరకును రెల్లుతో సంకరం చేశారు. అలా పుట్టిన కో 205 రకం 1918లో పంజాబు రైతులకు అందింది. నేడు సాగులో ఉన్న చెరకు రకాల క్రోమోసోముల్లో సుమారు 10 నుంచి 20 శాతం రెల్లునుంచి వచ్చినవే.

4. మరి రైతు ఏం చేయాలి?

నిప్పు పెడితే భూగర్భ కాండాలు చావవు. మేలుచేసే పురుగులు మాత్రం చస్తాయి. అందువల్ల గట్టుమీది రెల్లును అప్పుడప్పుడు చూస్తూ ఉండండి. నల్లని కొరడా కనిపిస్తే దానిమీద సంచి తొడిగి, పొడి రాలకుండా కోసి, సంచితో సహా కాల్చివేయండి. ఆ దుబ్బును వేళ్ళతో తవ్వి తీయండి. రెల్లు చేనులోకి పాకితే అక్కడిమేరకు తవ్వి ఏరివేయండి. ఆరోగ్యంగా ఉన్న తోటనుంచే ముచ్చెలు తీసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

(అ) నిప్పు పెట్టినా రెల్లు మళ్ళీ ఎందుకు మొలుస్తుంది?
(ఆ) కొరడాను కోసేముందు సంచి ఎందుకు తొడగాలి?
(ఇ) దేశంలోని రెల్లు అంతా నశిస్తే చెరకు రైతుకు కలిగే నష్టం ఏమిటి?

జవాబులు

(అ) భూగర్భ కాండాలు బతికే ఉంటాయి కాబట్టి.
(ఆ) సిద్ధబీజాలు గాలిలో వ్యాపించకుండా.
(ఇ) రేపు కొత్త తెగులు వస్తే, దాన్ని తట్టుకొనే శక్తిని వెతుక్కొనే చోటు తగ్గిపోతుంది.