మైకుసెట్టు మూగబోయిందా? ముందు బ్యాటరీ మీద పెట్టి చూడండి

శెనక్కాయ చేను ఊడలు దిగి కాయ ఊరుతున్న రోజులు. రాత్రి పదకొండు దాటింది. మా తమ్ముడు వచ్చి లేపినాడు. "అన్నా, మైకు ఆగిపోయింది. పందులొస్తాయి, లెయ్యి" అన్నాడు.

ఇంటి వెనకే మాకు మూడెకరాల చేను ఉంది. ఏటా 550 మిల్లీమీటర్లు కూడా నమ్మకంగా పడని ఈ నేలలో, వాన దయతలచి నాలుగు కాయలు పట్టిందంటే అడవి పందులు తయారు. మా పక్క చాలామంది చేసినట్టే మేమూ కుక్కల అరుపులు, మనుషుల కేకలు, టపాకాయల మోత పెన్‌డ్రైవులో ఎక్కించినాం. ఆంప్లిఫయర్‌ను వసారాలో పెట్టి, హారన్‌ను చేను గట్టు మీది వేపచెట్టుకు కట్టినాం. రోజూ ఒకే శబ్దం వింటే పందులకు అలవాటైపోతుంది. అందుకని వారానికోసారి మార్చి మార్చి పెట్టేవాళ్లం. కొందరు పందుల కోసం కంచెకు కరెంటు తగిలిస్తున్నారు. అది చట్టప్రకారం నేరం. ఆ తీగలకు పందుల కన్నా ముందు మనుషులు బలైన ఊర్లున్నాయి. దాని జోలికి పోవద్దు.

ఆ రాత్రి చూస్తే ఫీజు పోయింది. ఆ వేళప్పుడు కొత్త ఫీజు యాడ దొరుకుతుంది? సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టినాను. మైకు పలికింది. మొనగాణ్ననుకున్నా. పది నిమిషాలకు వార్నీషు కాలిన వాసన వచ్చి, సెట్టు శాశ్వతంగా మూగబోయింది. రిపేరు అయ్యేలోగా రెండు రాత్రుల్లో పందులు ఐదారు సెంట్ల చేను తవ్వి పోసినాయి.

కళ్యాణదుర్గంలో రేడియోల కాలం నుంచి రిపేర్లు చేస్తున్న ఒక పెద్దాయన దగ్గరికి సెట్టు తీసుకుపోయినా. మూత విప్పి, వెండి కాగితం చూసి నవ్వినాడు. "ఏమప్పా, ఫీజు పోయిందని చూసినావు గానీ, ఎందుకు పోయిందో చూడలేదే" అన్నాడు. ఒక డయోడు షార్టయి ఫీజు పోయిందట. ఫీజు చేయాల్సిన పని అది చేసింది. నేను అడ్డం పెట్టిన కాగితం కాలలేదు కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. నాలుగు రూపాయల సామాను చెడితే నాలుగు వందల సామాను పోగొట్టుకున్నా.

లోపల ఉండేదేమిటి?

మనకు తెలియని వస్తువులేమీ కావు. ఊరి చివర స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌కు పిల్ల ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి సెట్టులో ఉంటుంది. ఇంటికి వచ్చే 230 వోల్టులను అది 12కు దించుతుంది. తర్వాత నాలుగు డయోడ్లు. ఇవి బోరు పైపులోని వాల్వు మాదిరి. కరెంటును ఒక దిక్కుకే పోనిస్తాయి, వెనక్కి రానీయవు. అలా వచ్చే కరెంటు ఎగిరెగిరి పడుతుంటే దాన్ని నిలబెట్టేది కెపాసిటర్. బోరు నీళ్లు విడతలు విడతలుగా వస్తుంటే తొట్టిలో పట్టి సమంగా వదిలినట్టన్నమాట. మన మోటారు స్టార్టర్లో ఉండే కండెన్సర్‌కు ఇది చుట్టమే గానీ, దీనికి ప్లస్సు, మైనస్సు వేరు వేరు. తిప్పి పెడితే పగులుతుంది.

సెట్టు పలకకపోతే తప్పు ఈ పవర్ సప్లైలో ఉందా, ముందున్న ఆంప్లిఫయర్‌లో ఉందా అన్నది మొదట తేలాలి. దీనికి మీటరు కూడా అక్కర్లేదు. మైకుసెట్లు చాలావాటికి వెనక 12 వోల్టుల బ్యాటరీ తగిలించే చోటు ఉంటుంది. కరెంటు ప్లగ్గు పీకి, ట్రాక్టర్ బ్యాటరీ తగిలించండి. ఎర్ర తీగ ప్లస్సుకే పోవాలి, తారుమారైతే ఉన్న సెట్టు కూడా పోతుంది. బ్యాటరీ మీద పలికి కరెంటు మీద పలకలేదంటే, దోషం పవర్ సప్లైదే. సెల్లులు వేస్తే పాడి, కరెంటుకు పెడితే పాడని రేడియోకూ ఇదే లెక్క. 1963లో కడప ఆకాశవాణి మొదలైనప్పటి నుంచి వ్యవసాయ కార్యక్రమాలు విన్న ముసలివాళ్లు, ఇప్పుడు అనంతపురం కేంద్రాన్ని 101.7 మీద పట్టేవాళ్లు అటక మీద పారేసిన సెట్లలో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో!

ఈ సంగతి ముందే తెలిసి ఉంటే ఆ రెండు రాత్రులూ బ్యాటరీ మీదే మైకు నడిపి ఉండేవాణ్ని. కాకపోతే బ్యాటరీ పూర్తిగా దిగిపోయేదాకా వాడొద్దు. పొద్దున ట్రాక్టర్ స్టార్టు కాదు.

ప్లగ్గు పీకిన తర్వాతే చెయ్యి పెట్టాలి

స్విచ్చి ఆపితే చాలదు. పల్లెల్లో వైరింగు చేసినవాడు ఫేజు, న్యూట్రల్ తారుమారు చేసి ఉంటే, స్విచ్చి ఆపినా లోపల కరెంటు ఉంటుంది. ప్లగ్గు గోడ నుంచి పీకి కళ్ల ముందు పెట్టుకోండి.

ఇప్పుడు మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి, సెట్టు స్విచ్చి వేసి, పీకిన ప్లగ్గు రెండు పిన్నులకు తాకించండి. పదుల్లోనో వందల్లోనో అంకె చూపిస్తే వైరు, స్విచ్చి, ఫీజు, ట్రాన్స్‌ఫార్మర్ మొదటి చుట్ట బాగున్నట్టే. ఏమీ చూపించకపోతే ఈ నాల్గింటిలో ఒకటి తెగింది. ఎక్కువసార్లు ప్లగ్గు మెడ దగ్గర వైరే తెగి ఉంటుంది.

డయోడ్లను మీటరులోని డయోడు గుర్తు మీద చూడాలి. ఒక వైపు 0.5 నుంచి 0.7 దాకా చూపి, రెండో వైపు ఏమీ చూపకపోతే మంచిది. రెండు వైపులా సున్నా చూపితే షార్టు. బోర్డులో ఉండగా చూస్తే మోసం చేస్తుంది కాబట్టి ఒక కాలు ఊడదీసి చూడటం మేలు. చిన్న రేడియోకు వన్ ఎన్ 4007 చాలు, అది ఒక ఆంపియర్ సరుకు. మైకుసెట్టుకు మూడు ఆంపియర్ల వన్ ఎన్ 5408 వేస్తారు. ఊడదీసే ముందు డయోడు మీది గీత ఏ వైపుందో కాగితం మీద గీసుకోండి. కొత్తది అట్లే పెట్టాలి.

కెపాసిటర్‌ను కన్నే పట్టేస్తుంది. తల ఉబ్బినా, అడుగున జిగురు కారినా మార్చాల్సిందే. పలుకుతున్న సెట్టులో 'గుయ్' మని తుమ్మెద రొద ఎక్కువైందంటే అది ఎండిపోతున్నట్టు. 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ తర్వాత కెపాసిటర్ దగ్గర 15, 16 వోల్టులు చూపిస్తుంది. అది తప్పు కాదు. కాబట్టి 16 వోల్టులది కాకుండా 25 వోల్టులది వేయించండి. మన జిల్లాలో వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల కింద అటక మీద పెట్టిన సెట్టులో కెపాసిటర్లు త్వరగా చస్తాయి.

కొత్త సామాను వేసినాక నేరుగా కరెంటుకు పెట్టకూడదని పెద్దాయన చెప్పినాడు. ఆయన పాతకాలపు 60 వాట్ల తీగ బల్బును ఫేజుకు సీరీస్‌లో పెడతాడు. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. బల్బు ఒక్క క్షణం వెలిగి మసకబారితే సెట్టు క్షేమం. నిండుగా వెలుగుతూనే ఉంటే లోపల ఇంకా షార్టుంది. బల్బు కాపాడుతుంది, సెట్టు కాలదు. అయితే ఈ సీరీస్ బోర్డు కరెంటు పని తెలిసినవాళ్లే కట్టాలి, బయటికి తేలిన తీగ ఉండకూడదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. ఇప్పుడొచ్చే తేలికపాటి సెట్లలో, అడాప్టర్లలో బరువైన ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. వాటిని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. వాటి లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టుల పైన నిలుస్తుంది, ప్లగ్గు పీకినా కొంతసేపు ఉంటుంది. వాటి మూత ఇంట్లో విప్పొద్దు, మెకానిక్‌కు ఇవ్వండి. అడాప్టరైతే అదే వోల్టు, అదే ఆంపియర్లది కొత్తది కొనుక్కోవడమే మేలు.

ఇంత చేసినా ఊరి లైనులో న్యూట్రల్ తెగితే ఇంట్లోకి 230కి బదులు 400 దాకా రావచ్చు. లైట్లు ఒక్కసారిగా కళ్లు చెదిరేటట్టు వెలిగితే ముందు మెయిన్ దించండి. లైన్‌మన్‌కు ఫోను తర్వాత చేయొచ్చు.

మా సెట్టుకు ట్రాన్స్‌ఫార్మర్, నాలుగు డయోడ్లు, కెపాసిటర్ కొత్తవి పడినాయి. సెట్టు మళ్లీ వసారాకు వచ్చింది. మూత లోపల అదే ఆంపియర్ల ఫీజులు రెండు టేపుతో అంటించి పెట్టినాం. సిగరెట్ పెట్టె కనబడితే మా తమ్ముడు ఇప్పటికీ నా వైపు చూసి నవ్వుతాడు.