గోర్యో నూనె బుడ్డి

ఎత్తు మూడు నాలుగు సెంటీమీటర్లు. నొక్కినట్టుండే గుండ్రటి పొట్ట, వేలు దూరని మెడ, ఆపైన వెడల్పుగా విచ్చుకున్న మూతి. కొరియాను గోర్యో వంశం ఏలిన రోజుల్లో (918–1392) కలవారి ఇళ్ల ఆడవాళ్లు తలనూనె పోసి ఉంచుకున్న సెలడాన్ (నీలి పచ్చ గాజుపూత వేసిన మట్టిపాత్ర) బుడ్డి ఇది.

పనివాడి తెలివంతా ఆ మెడలో, మూతిలో ఉందంటాను. మెడ సన్నం కాబట్టి వంచితే నూనె చుక్కలుగానే జారుతుంది. చివరి చుక్క పొట్ట మీదికి కారిపోకుండా వెడల్పాటి అంచు పట్టి ఆపుతుంది. లోపలికి గాలి తక్కువ పోతుంది కాబట్టి నూనె త్వరగా చెడదు. తలకు కమెల్లియా గింజల నూనె వాడేవారు. అందులో ఎక్కువ పాలు ఓలిక్ ఆమ్లమే కావడంతో అవిసె నూనెలాగా ఆరి పొరకట్టదు. తేయాకుకు దగ్గరి చుట్టమైన ఆ చెట్టు పెరిగేది దక్షిణ తీరంలో. గోర్యో సెలడాన్‌కు పెద్ద కేంద్రమైన కాంగ్జిన్ కూడా అక్కడే ఉంది.

మామూలు మట్టిపాత్రలో పోస్తే నూనె గోడల్లోంచి ఊరి బయటికొస్తుంది. అందుకే గాజుపూత. కాంగ్జిన్ కుమ్మరులు బుడ్డిని ఒకసారి కాల్చి, బూడిద కలిపిన పూతలో ముంచి, కొండవాలున కట్టిన పొడవాటి ఆవంలో మళ్లీ కాల్చేవారు. వేడి సుమారు 1200 డిగ్రీలు. పూతలో ఉన్న ఇనుము నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లే, కానీ రంగంతా దానిదే. ఆవంలోకి గాలి బాగా ఆడితే పూత పసుపు, గోధుమ ఛాయలకు తిరుగుతుంది. గాలి బిగిస్తే ఆక్సిజన్ చాలని మంట ఆ ఇనుప ఆక్సైడ్ నుంచే దాన్ని లాక్కుంటుంది. అప్పుడు దిగేదే నీలి పచ్చ. పూతలో చిక్కుకున్న సన్నటి బుడగలు వెలుగును చెదరగొట్టి ఆ రంగుకు లోతునిస్తాయి. 1123లో వచ్చిన చైనా రాయబారి షు జింగ్ ఈ రంగు గురించి ప్రత్యేకంగా రాసుకున్నాడు.

మంచి పాత్రను తిరగేసి చూస్తే అడుగున నువ్వుగింజంత తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. కాల్చేటప్పుడు పూత కరిగి అంటుకోకుండా కింద పెట్టిన క్వార్ట్జ్ రాతి పలుకుల గుర్తులవి. ఇక పొట్ట మీది చామంతులు, కొంగలు రంగుతో వేసినవి కావు. పచ్చి మట్టిని గీసి, గాట్లలో తెల్లమట్టీ, కాలితే నల్లబడే ఎర్రమట్టీ కూరి, పైన మిగిలింది గీకేసేవారు. ఇంత చిన్న పొట్ట మీద ఆ పని చేసిన చేతులకు దండం పెట్టాలి.

సరుకు పడవల్లో రాజధాని గేగ్యాంగ్‌కు, అంటే ఇప్పటి ఉత్తర కొరియాలోని కేసాంగ్‌కు, చేరేది. దారిలో తేయాన్ దగ్గర సముద్రం ఎన్నో పడవల్ని మింగింది. 2007లో ఒక జాలరి పట్టిన ఆక్టోపస్ సెలడాన్ పళ్లేన్ని కరుచుకుని పైకొచ్చింది. అక్కడ వెతికితే ఇరవై వేలకు పైగా పాత్రలు దొరికాయి. ఆ దగ్గర్లోనే మాడో వద్ద మునిగిన మరో పడవలో పెద్ద జాడీలకు కట్టిన వెదురు చీటీలు బయటపడ్డాయి. ఒకదాని మీద తేనె అనీ, ఇంకోదాని మీద నువ్వుల నూనె అనీ రాసి ఉంది.

1231లో మొదలైన మంగోలు దాడుల తర్వాత క్రమంగా ఈ విద్య క్షీణించి, 14వ శతాబ్దం చివరికి కొడిగట్టింది. 20వ శతాబ్దంలో కుమ్మరులు పాత పెంకుల్ని పరిశీలించి, మళ్లీ మళ్లీ కాల్చి చూసి దాన్ని తిరిగి రాబట్టారు. సియోల్‌లో మ్యూజియం చూసి వెనుదిరిగే మనవాళ్లు వీలైతే కాంగ్జిన్ దాకా వెళ్లాలి. పాత బట్టీలున్న చోటే సెలడాన్ మ్యూజియం ఉంది, అక్కడ సెలడాన్ ఇప్పటికీ కాలుస్తున్నారు.