మైకుసెట్టు విద్య

మన బళ్లారి ప్రాంతమున పెండ్లియైనను, జాతరయైనను, పాఠశాల వార్షికోత్సవమైనను, పందిరి రాటలు నాటినతోడనే మైకుసెట్టు బండి వచ్చి నిలుచును. పెట్టెలు దింపుదురు, తీగలు పఱచుదురు, 'హలో, మైక్ టెస్టింగ్' అను మాట వినబడగనే పిల్లలందఱు వేదిక చుట్టు మూగుదురు. కాని ఆ పెట్టెల నడుమ కూర్చుండి మీటలు త్రిప్పు మనుష్యుని ఎవ్వరును గమనింపరు. సభ చక్కగా జరిగినచో అతనిని తలచువారు లేరు. మైకు కీచుమన్నచో మాత్రము సభలోని చూపులన్నియు అతనివైపు తిరుగును. అతడు చేయు పని యెట్టిదో, దానిని నేర్చుకొనుట యెట్లో విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఈ వ్యాసమున వివరింపదలచితిమి.

ఇందులకు కారణమొకటి కలదు. కొన్ని యేండ్ల క్రిందట మా పాఠశాల వార్షికోత్సవమున ఏడవ తరగతి బాలిక యొకతె నాలుగు తెలుగు పద్యములు చదివెను. నెల దినములు సాధన చేసిన పిల్ల. ఒక్క అక్షరమైనను తప్పలేదు. అయినను మొదటి పద్యము సగము కాకమునుపే మైకు కీచుమనెను. శబ్దము పెంచుడని మేమే సైగ చేసితిమి. అది మఱింత కీచుమనెను. మనుమరాలిని చూచుటకై పల్లెనుండి వచ్చిన అవ్వ చివరి వరుసలో కూర్చుండియుండెను. సభ ముగిసిన పిదప ఆమె మాయొద్దకు వచ్చి, "అయివారూ, మా పాప ఏం సదివింది? సద్దు ఇనపడె గానీ మాట తెలీలా" అని యడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి.

ఆనాటి తప్పు మైకుసెట్టు వానిది కాదు. వేదిక యలంకారము మఱుగుపడునని స్పీకరు పెట్టెలను బాలిక వెనుకకు జరిపించినది మేమే. ఈ సంగతి అతడు విడమరచి చెప్పిన పిమ్మట గాని మాకు బోధపడలేదు. అతనినుండి విని తెలిసికొన్నదియు, తరువాత చదివి తెలిసికొన్నదియు ఇచ్చట వ్రాయుచున్నాము.

మాట యనగా గాలిలో పుట్టు కంపనము. మైకులో పలుచని పొర యొకటి యుండును. సాధారణముగా సభలలో వాడు మైకున ఆ పొరకు సన్నని తీగచుట్ట యంటియుండును. దాని చుట్టు అయస్కాంతముండును. మాట తాకి పొర కదలినపుడు తీగచుట్టయు కదలి స్వల్పమైన విద్యుత్తు పుట్టును. అది వోల్టులో కొన్ని వేయవ వంతులు మాత్రమే. ఆ విద్యుత్తు తీగ వెంట మిక్సరునకు పోయి, అచ్చట దిద్దబడి, యాంప్లిఫయరులో బలము పొంది స్పీకరును చేరును. స్పీకరు మైకునకు తలక్రిందులైన యంత్రము. అది విద్యుత్తును తిరిగి గాలి కంపనముగా మార్చును.

ఇక కీచుమనుట యేల కలుగును? స్పీకరునుండి వెలువడిన ధ్వని మరల మైకులో దూరినచో, యాంప్లిఫయరు దానిని పెంచి స్పీకరునకు పంపును. స్పీకరు మరల మైకునకు వినిపించును. ఈ చక్రము క్షణములో పలుమార్లు తిరిగి కూతగా మారును. దీనినే ఆ వృత్తివారు ఫీడ్‌బ్యాక్ అందురు. శబ్దము పెంచుట యనగా ఆ చక్రమునకు మఱింత బలమిచ్చుటయే. స్పీకరును మైకునకు ముందువైపున, సభవైపు తిరుగునట్లు నిలుపుట మొదటి మందు. మైకును నోటికి దగ్గఱగా నుంచుట రెండవది. నోటికి 20 సెంటీమీటర్ల దూరమున నున్న మైకును 10 సెంటీమీటర్లకు తెచ్చినచో, ఏ మీటయు త్రిప్పకుండగనే మాట 6 డెసిబెల్లు పెరుగును. మూడవది మైకును పట్టుకొను తీరు. పెక్కు మైకులు ముందువైపు ధ్వనిని బాగుగ గ్రహించి, వెనుకవైపు ధ్వనిని చాలవఱకు విడిచిపెట్టును. పాడువాడు మైకు తలను గుప్పిట మూసినచో ఆ గుణము చెడి కూత పుట్టును.

డెసిబెల్లను మాట వచ్చినది గనుక దానిని గుఱించి కొంత తెలిసికొనుట మంచిది. యాంప్లిఫయరు శక్తిని రెట్టింపు చేసినచో పెరుగునది 3 డెసిబెల్లే. పదిరెట్లు చేసినచో 10 డెసిబెల్లు పెరుగును. అప్పుడు మన చెవికి ధ్వని ఇంచుమించు రెట్టింపైనట్లు తోచును. కావున 100 వాట్ల సెట్టును తీసి 1000 వాట్ల సెట్టును పెట్టినంత మాత్రమున పదిరెట్లు వినబడునని తలచుట పొరపాటు. బయలు ప్రదేశమున దూరము రెట్టింపైనప్పుడెల్ల ధ్వని 6 డెసిబెల్లు తగ్గును. స్పీకరునకు 5 మీటర్ల దూరమున నున్నవానికంటె 40 మీటర్ల దూరమున నున్నవానికి 18 డెసిబెల్లు తక్కువగా వినబడును. వెనుకవానికై పెంచినచో ముందువాని చెవులు నొచ్చును.

దీనికి నేర్పరులు చేయు ఉపాయము, పందిరి నడుమ మఱియొక జత స్పీకర్లు నిలుపుట. ఇందును ఒక చిక్కు కలదు. విద్యుత్తు తీగ వెంట తత్‌క్షణమే పోవును; గాలిలో ధ్వనియో 20 డిగ్రీల వేడిమి యందు సెకనునకు 343 మీటర్లు మాత్రమే నడచును. 30 మీటర్లు దాటుటకు సెకనులో వేయింట 87 వంతులు పట్టును. నడిమి స్పీకరు మాటను ముందుగా పలికి, వేదిక స్పీకరు మాట పిమ్మట వచ్చినచో వినువానికి ఒకే మాట రెండుమారులు వినబడి గజిబిజియగును. అందుచేత నడిమి స్పీకరునకు పోవు ధ్వనిని అంతకాలము ఆపి పంపుదురు. నేటి మిక్సర్లలో ఈ యేర్పాటు కలదు; ఎంతకాల మాపవలయునో లెక్కించుటకు భాగహారము వచ్చినచో చాలును.

శబ్దము చాలినంత యున్నను మాట తెలియకపోవుటకు వేఱొక కారణము కలదు. మనుష్యుని చెవి సెకనునకు 20 మొదలు 20,000 వఱకు గల కంపనములను వినగలదు. మాటలో అచ్చుల బలము చాలవఱకు 1000 కంపనముల లోపలనే యుండును. హల్లులను తెలుపు సన్నని ధ్వనులలో ముఖ్యమైనవి 2000కు పైన నుండును. గంభీరముగా నుండునని క్రింది ధ్వనులను పెంచినచో అచ్చులు ఢమఢమ మ్రోగి హల్లులను మ్రింగివేయును. అవ్వకు సద్దు వినబడి మాట తెలియకపోవుటకు ఇదియు నొక కారణమే. మాటలకు వాడు మైకున 100 కంపనములకు దిగువనున్న ధ్వనిని తగ్గించివేయుట మంచి యలవాటు. గాలి హోరును, వేదికపై అడుగుల చప్పుడును అందుతో తగ్గును.

ఇచ్చట భాష యెఱిగిన చెవి యొక్క ప్రయోజనము కనబడును. 'కల' అనెనో 'కళ' అనెనో, 'శరము' అనెనో 'సరము' అనెనో, ఆ భాష తెలిసినవాడు వెంటనే పట్టుకొనగలడు. తెలియనివాడు ఎంత నేర్పరియైనను శబ్దము చాలునో చాలదో మాత్రమే చెప్పగలడు. కన్నడ సభకు కన్నడ మెఱిగినవాడును, తెలుగు పద్యనాటకమునకు తెలుగు తెలిసినవాడును మిక్సరు వద్ద నుండుట మేలు. మన పిల్లలు ఇంట తెలుగును, వీధిలో కన్నడమును వినుచు పెరుగుచున్నారు. ఇతరచోట్ల కొఱతగా నెంచబడు ఈ స్థితి ఈ వృత్తిలో ఆస్తి.

ఈ యూరు నాటకములకు పేరుపొందినది. ధర్మవరము రామకృష్ణమాచార్యులవారు సరస వినోదినీ సభను స్థాపించినదియు, కోలాచలము శ్రీనివాసరావుగారు నాటకములు వ్రాసినదియు, బళ్లారి రాఘవగారు నటించినదియు ఇచ్చటనే. ఆచార్యులవారు 1912లో గతించిరి. ఆ నాటికి నాటకశాలలలో మైకు లేదు. చివరివానికి మాట చేర్చు భారము నటుని గొంతుకదే. నేడు ఆ భారములో సగము మీటలు త్రిప్పువాని చేతిలోనికి వచ్చినది.

నేర్చుకొనగోరువాడు మొట్టమొదట తీగలతో ప్రారంభింపవలయును. తీగలు మెలిపడకుండ చుట్టుట, ఏది యెచ్చటికి పోవునో గుర్తు కట్టుట, నడకదారిలో అడ్డుపడకుండ పఱచుట మొదటి పాఠము. మూడు సూదుల మైకు తీగలో ఒకే ధ్వని రెండు తీగలపై ఒకదానికొకటి వ్యతిరేకముగా పోవును. దారిలో చేరిన రొద రెండింటిలోను సమానముగా నుండుటచే చివరకు కొట్టివేయబడును. పిమ్మట మైకుల భేదములు, ఆ తరువాత మిక్సరు. మిక్సరున ప్రతి మైకునకు ఒక నిలువు వరుస మీటలుండును; ఒక్క వరుస తెలిసినచో తక్కినవన్నియు తెలిసినట్లే. పైనున్న గెయిన్ మీటను ముందుగా సరిచేసి, పిమ్మట క్రిందనున్న ఫేడరును మెల్లగా పెంచవలయును. యాంప్లిఫయరును అన్నిటికంటె చివర వేసి, అన్నిటికంటె ముందు ఆర్పవలయును. లేనిచో ఢమ్మను దెబ్బకు స్పీకరు చెడును. తడి నేలపై తీగలు పఱచుట, ఎర్తు లేని విద్యుత్తు వాడుట ప్రాణాపాయము. ఈ పనిని పెద్దవారు లేనిదే పిల్లలు ముట్టరాదు.

అన్నిటికంటె పెద్ద పాఠము లేచి నడచుట. మేము పొరుగు రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందుచున్న దినములలో మా గురువుగారు మేము పాఠము చెప్పుచుండగా చివరి బల్లపై కూర్చుండి వినెడివారు. అచ్చటికి వినబడని పాఠమునకు మార్కులు వేసెడివారు కారు. మైకుసెట్టు వానికిని ఇదే నియమము. సభకు ముందు ఒకనిచే మాటలాడించి, తాను చివరి వరుసవఱకు నడచి వినవలయును. ఖాళీ మందిరము మ్రోగును. జనము నిండినపిమ్మట వారి దేహములును, వస్త్రములును ధ్వనిని పీల్చుకొనును. కావున సభ మొదలైన తరువాతను ఒకసారి నడచి రావలయును.

చెవియే పనిముట్టు గనుక దానిని కాపాడుకొనవలయును. 85 డెసిబెల్ల ధ్వనిలో దినమునకు 8 గంటలకు మించి యుండరాదని పరిశ్రమలలో పాటించు ఒక ప్రమాణము. ప్రతి 3 డెసిబెల్లకును ఆ కాలము సగమగును. 100 డెసిబెల్ల వద్ద 15 నిమిషములే. ఇతరుల చెవులను గుఱించి చట్టమే కలదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమముల ప్రకారము లౌడుస్పీకరునకు అధికారుల వ్రాతపూర్వకమైన యనుమతి కావలయును. రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటలవఱకు బయలు ప్రదేశములలో వాడరాదు. పండుగల కొఱకు ప్రభుత్వము ఏడాదికి 15 దినములకు మించకుండ అర్ధరాత్రివఱకు సడలింపు నీయవచ్చును.

తలిదండ్రులకొక మాట. ఇది బరువులు మోయుపని, రాత్రులు మేలుకొనుపని; పెండ్లి ముహూర్తములు లేని నెలలలో రాబడి తగ్గును. దీనికై పిల్లవానిని బడి మాన్పించుట తగదు. పదవ తరగతి ముగించినవారికి ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ అను రెండేండ్ల శిక్షణ కలదు. పట్టభద్రులైనవారికి పూనాలోని చలనచిత్ర సంస్థలో శబ్దగ్రహణ విద్య కలదు. అయినను సభలలోని పని సభలలోనే, అనుభవజ్ఞుని ప్రక్కన నిలిచి నేర్చుకొనవలసినది.

మా పాఠశాలలో ఇప్పుడొక పద్ధతి నేర్పఱచితిమి. వార్షికోత్సవమున తొమ్మిదవ తరగతి విద్యార్థు లిద్దఱు మిక్సరు వద్ద కూర్చుండి, ఏ మైకు ఎవరిదో వ్రాసికొని, మైకుసెట్టు వానికి తోడ్పడుదురు. మఱియొకరు చివరి వరుసలో కూర్చుండి, మాట తెలియనపుడు చేయి యెత్తుదురు. ఆనాడు పద్యములు చదివిన బాలికయే తొమ్మిదవ తరగతికి వచ్చినపుడు ఆ చివరి వరుస పనికి తానుగా పేరిచ్చెను. ఆ సాయంకాలము ఆమె మూడు పర్యాయములు చేయి యెత్తెను. మూడు పర్యాయములును మాట సరిపడెను. రాబోవు ఉత్సవమునకు ఈ పని చేయగోరువారు ఒక నోటు పుస్తకముతో తెలుగు అయ్యవారిని కలిసికొనవలయును.